ముక్క కోసినా చెరగని తల్లి గుర్తు

లింగంపల్లిలో చేపలు కొనేవారికి నాటు మార్పు చేప, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. ముక్కలు కోశాక తేడా అసలే తెలీదు. స్థానిక చేపల్ని మింగేస్తుందని ఆఫ్రికన్ రకం పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. అయినా తెలంగాణలో దొంగచాటుగా పెంచుతూ పట్టుబడుతూనే ఉన్నారు.

ఇక్కడే మైటోకాండ్రియా డీఎన్‌ఏ అక్కరకొస్తుంది. సుమారు 16,500 అక్షరాల ఈ చిన్న వలయం తల్లి నుంచే పిల్లకు వస్తుంది. ఒక్కో కణంలో వందలాది ప్రతులుంటాయి కాబట్టి చిన్న ముక్క దొరికినా చాలు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ ఇదే డీఎన్‌ఏలోని సైటోక్రోమ్-బి జన్యువుతో, పట్టుబడిన మాంసం ఏ జంతువుదో తేల్చే పద్ధతిని రూపొందించింది.

సంకర చేపలో తండ్రి జాతిని మాత్రం ఈ డీఎన్‌ఏ చూపదు. అందుకు కేంద్రక డీఎన్‌ఏ కావాలి.

ఈ తల్లి గుర్తు హేచరీల్లోనూ పనికొస్తుంది. హేచరీలో కొద్దిపాటి చేపలతోనే ఏళ్లతరబడి పిల్లలు తీయిస్తే జన్యువైవిధ్యం తరిగిపోతుంది. నాటు మార్పు చేప నిలవాలంటే ఈ గుర్తు చూసి వేర్వేరు తల్లుల సంతానాన్ని ఎంచి జత కట్టించాలి.