తొడిమ దాటి కాడ దాకా

తెలుగు చేతికి పువ్వు తొడిమ దాకానే తెలుసు. పొద్దున్నే సజ్జ పట్టుకుని పెరట్లోకి వెళ్లడం, మందారాన్నో నందివర్ధనాన్నో తొడిమ దగ్గర తుంచి తేవడం చిన్నప్పటి నుంచీ అలవాటైన పని. మాల కట్టాలన్నా, దేవుడి పటానికి పెట్టాలన్నా, జడలో తురుముకోవాలన్నా పొడుగాటి కాడ అక్కర్లేదు. అమెరికా వచ్చాక పొరుగింటివారికో, పిల్లల టీచరుకో, గృహప్రవేశం చేసుకున్న స్నేహితులకో సొంత పెరటి పూలతో బొకే కట్టి ఇవ్వాలనుకున్నప్పుడే చిక్కు వస్తుంది. బొకేకి అడుగు పొడవు కాడ కావాలి.

పూజకు కోసే పూలలో చాలావాటికి బొకేలో చోటు లేదు. మందారం ఒక్కరోజు పువ్వు, నీళ్లలో పెట్టినా సాయంత్రానికి ముడుచుకుపోతుంది. గన్నేరు చూడముచ్చటగా ఉంటుంది. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌కు గన్నేరు నగరమన్న పేరే ఉంది. కానీ ఆకు నుంచి పువ్వు దాకా ఆ మొక్కంతా విషమే. పసిపిల్లలున్న ఇంటికి కానుకగా పంపకూడదు. పిల్లిని పెంచుకునేవారి ఇంటికి లిల్లీలూ వద్దు. వాటి పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు పాడై ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే కొత్తగా మొదలుపెట్టేవారు ముందు జిన్నియా నాటుకోవడం మంచిది. 31 ఏళ్లకే కన్నుమూసిన జర్మన్ శాస్త్రవేత్త యోహాన్ జిన్ పేరును వృక్షశాస్త్రవేత్త లినేయస్ దానికి పెట్టాడు. పుట్టిల్లు మాత్రం మెక్సికో. తెలుగు గుమ్మాలకు తోరణమయ్యే బంతి సొంతూరూ అదే కాబట్టి ఈ రెండూ ఒకే మడిలో, ఒకే ఎండలో హాయిగా పెరుగుతాయి. జిన్నియా జానెడు ఎత్తుకు రాగానే దాని తల తుంచేయాలి. కళ్లెదుట ఏపుగా లేస్తున్న మొక్కను తుంచడానికి చేతులు రావు. అయినా తుంచాల్సిందే. ఆకుల సందుల్లోంచి కొమ్మలు లేచి, ఒక్క పువ్వు పూయాల్సిన చోట నాలుగైదు పొడుగాటి కాడలు వస్తాయి. పువ్వు కోతకు వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే దానికి జానెడు కింద కాడను రెండు వేళ్లతో పట్టుకుని ఊపి చూడాలి. తల వేలాడితే ఇంకా లేత, కాడ పుల్లలా నిటారుగా నిలబడితే సిద్ధం. లేతగా కోసినదాన్ని ఎంత నీటిలో పెట్టినా తల వాల్చేస్తుంది. కోసేటప్పుడూ పైపైన కాకుండా కింది కొమ్మ మొదలు దాకా దిగి కోయాలి. అలా కోస్తే తర్వాతి కాడలు ఇంకా పొడుగ్గా వస్తాయి.

ఒక్కో పువ్వుది ఒక్కో అదను. గులాబీని మొగ్గ విచ్చుకోబోతుండగా కోయవచ్చు, నీళ్లలో విడుతుంది. పియొనీ మొగ్గ నొక్కితే మెత్తగా తగిలినప్పుడే కోయాలి. డేలియా అలా కాదు. కోశాక ఇక విచ్చుకోదు కాబట్టి ముప్పాతిక వంతు విడిచేదాకా చెట్టుమీదే ఉంచాలి. మెక్సికో 1963లో జాతీయ పుష్పంగా ప్రకటించుకున్న పువ్వు ఇది. అమెరికా సూపర్‌మార్కెట్లకు పూలు ఎక్కువగా కొలంబియా, ఈక్వడార్‌ల నుంచి విమానాల్లో వస్తాయి. డేలియా రేకులు అంత ప్రయాణానికి నలిగిపోతాయి. పెరటి బొకేకున్న గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. కొట్లో అరుదుగా దొరికే పువ్వును పొద్దున కోసి మధ్యాహ్నానికి స్నేహితురాలి చేతిలో పెట్టవచ్చు.

ఎండ ఎక్కకముందే బకెట్‌లో నీళ్లు పట్టుకుని తోటలోకి వెళ్లాలి. కోసిన కాడను కోసినట్టే నీళ్లలో వేసి, నీటిలో మునిగే ఆకులన్నీ తీసేసి, కొన్ని గంటలు చల్లటి నీడన ఉంచాలి. వంటింట్లో పండిన అరటిపళ్ల పక్కన మాత్రం పెట్టకూడదు. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ పూలను త్వరగా వాడ్చేస్తుంది.

ఇక ఆకు సంగతి. కదంబమాలలో మరువం, దవనం ఎందుకో తెలిసినవారికి బొకేలో ఆకు ఎందుకో చెప్పనక్కర్లేదు. తెలుగువారి కూరగాయల మడిలోనే బొకేకి కావలసిన పచ్చదనమంతా ఉంది. పూతకొచ్చిన కొత్తిమీర తెల్లటి నురగలా పూల మధ్య సందులు నింపుతుంది. సోయికూర పూత పసుపు గొడుగులా విచ్చుకుంటుంది. తులసిని తెంపడానికి మనసొప్పకపోతే ముదిరిన థాయ్ బేసిల్ కొమ్మ చాలు. లేత కొమ్మ మాత్రం వాడిపోతుంది. అన్నిటికన్నా అందం ఎర్రకాడ గోంగూరది. పగటిపొద్దు తగ్గాక అది మొగ్గ తొడుగుతుంది. చలి ఆలస్యంగా వచ్చే దక్షిణ రాష్ట్రాల్లో ఆ ఎర్రటి కాయలతో సహా బొకేలో పెట్టవచ్చు. ఇదేమీ వింత కాదు. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి పూల అలంకరణ చేసిన కాన్‌స్టన్స్ స్ప్రై, అంతకు ముందే కంచెల వెంట పెరిగే తీగలనూ కేల్ ఆకులనూ లండన్ గొప్పింటి పూలకుండీల్లోకి తెచ్చింది.

కట్టడం మాల కట్టే వేళ్లకు కష్టమేమీ కాదు. మొదట ఆకు కొమ్మలు, ఆపైన పెద్ద పూలు, చివర సన్నపూత. ప్రతి కాడనూ ఒకే వైపు వాల్చి పేర్చుకుంటూ పోతే కింద కాళ్లు గుండ్రంగా విచ్చుకుంటాయి. కాడలన్నీ కలిసే చోట జనపదారంతో బిగించి అడుగు సమంగా కోస్తే బొకే బల్లమీద తనంతట తానే నిలుస్తుంది. జాడీలో అమర్చేవారు ఆకుపచ్చటి పూల స్పాంజి కొనకపోవడమే మేలు. 1954లో వచ్చిన ఆ వస్తువు ప్లాస్టిక్, మట్టిలో కలవదు. బ్రిటన్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దాన్ని నిషేధించింది. జాడీలో ఉండలా చుట్టిన కోళ్లగూటి వల పెడితే కాడలు కదలవు. ఏటా కడిగి వాడుకోవచ్చు.

జాడీ కొననక్కర్లేదు. ఖాళీ అయిన ఆవకాయ సీసాను వాసన పోయేలా కడిగి, సగానికి నీళ్లు పోస్తే సరి. కారులో ఒరిగిపోకుండా సీసాను అట్టపెట్టెలో ఇరికించి, చుట్టూ తువ్వాలు కుక్కాలి. చీటీ మీద ఇచ్చేవారి పేరుతో పాటు పూల పేర్లూ, కోసిన తేదీ, రోజూ నీళ్లు మార్చమన్న మాటా రాయాలి. వీలుంటే ఎండిన జిన్నియా తల ఒకటి కాగితంలో పొట్లం కట్టి సీసా మెడకు వేలాడదీయవచ్చు. న్యూజెర్సీలో అయితే మే నెల సగం గడిచి, గడ్డకట్టే రాత్రులు పోయాక ఆ గింజలు చల్లుకుంటే వరలక్ష్మీ వ్రతం నాటికి వాళ్ల పెరట్లోనూ కాడలు కోతకు వస్తాయి.