చక్కెర జబ్బు - చెప్పుకోని కష్టం

మా కాలేజీ మిత్రులొకరు కొన్నాళ్ళుగా ముభావంగా ఉంటున్నారు. నలభై రెండేళ్ళ మనిషి. ఆరేళ్ళుగా చక్కెర జబ్బు. ఒక సాయంత్రం షికారుకు వెళ్ళినప్పుడు గొంతు తగ్గించి, "మాస్టారూ, సంసారానికి పనికిరాకుండా పోయాను" అన్నారు. భార్యకు చెప్పలేదు. భర్త మనసు మళ్ళిందేమోనని ఆవిడ లోలోపల కుమిలిపోతోంది. ఈయన జేబులో మాత్రం గోడమీది ప్రకటన చూసి కొన్న లేహ్యం చీటీ ఉంది!

ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. అంగస్తంభన కలగాలంటే నరాలు కబురందించాలి, రక్తనాళాలు విచ్చుకోవాలి. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి హెచ్చుగా ఉంటే ఈ రెండూ దెబ్బతింటాయి. అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రపు పురుషులను పరిశీలించి 1994లో ప్రకటించిన ఫలితాల్లో, మధుమేహానికి మందు వాడుతున్నవారిలో ఈ శక్తి పూర్తిగా లోపించడం సుమారు మూడు రెట్లు ఎక్కువని తేలింది.

కష్టం అంతటితో ఆగదు. కొందరిలో పురుష హార్మోను తగ్గుతుంది. కొందరిలో వీర్యం బయటికి రాక వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది. వీర్యకణాలు కూడా దెబ్బతినవచ్చు. కనుక పిల్లలు లేరని కోడలిని ఆడిపోసుకునే ముందు కొడుకును కూడా పరీక్ష చేయించడం న్యాయం.

మరో సంగతి. ఆ రక్తనాళాలు గుండె రక్తనాళాలకంటే సన్నం. అందువల్ల గుండె జబ్బు రాబోతుంటే ఒక్కోసారి దాని జాడ ముందు ఇక్కడే కనబడుతుంది. దాచుకుంటే ఆ హెచ్చరికను కూడా దాచుకున్నట్టే.

మరి చేయవలసిందేమిటి? మూడు మాసాల చక్కెర సగటు తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్ష చాలామందికి 7 లోపు ఉండాలంటారు. ఎవరి హద్దు ఎంతో డాక్టరుగారే చెప్పాలి. రక్తపోటు, కొలెస్టరాలు అదుపులో ఉంచుకోవాలి. సిగరెట్టు మానాలి. వారానికి ఐదు రోజులు, అరగంట చొప్పున చురుగ్గా నడవాలి. 1998 నుంచి సిల్డెనాఫిల్ మాత్రలున్నాయి. కాని డాక్టరును అడగకుండా మింగరాదు. గుండెనొప్పికి నైట్రేటు మందులు వాడేవారికి అవి ప్రాణం మీదికి తెస్తాయి.

మా మిత్రుడు ఆ రాత్రే భార్యతో అంతా చెప్పారట. మర్నాడు ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. పరీక్షలో చక్కెర సగటు 10 దాటింది. ఇప్పుడు తెల్లవారగానే ఇద్దరూ జంటగా నడకకు బయలుదేరుతున్నారు. మొన్న అడిగితే, "పూర్తిగా నయమైందనను గాని, మాస్టారూ, ఇంట్లో మళ్ళీ మాటలు వినబడుతున్నాయి" అన్నారు.