శూర్పణఖ తోటకు సీత వెళ్లింది

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా సుమారు 35 కిలోమీటర్లు వెళ్తే పర్ణశాల. అక్కడి సీత వాగులో రాళ్ల మీది చారలు చూపించి, అమ్మవారు చీర ఆరేసిన గుర్తులంటారు. మాయలేడి వచ్చిందీ, రావణుడు భిక్షకు నిలబడిందీ ఇక్కడేనని ఈ అడవి నమ్మకం. జటాయువు పడిన చోటు దగ్గర్లోని ఎటపాక అని చెప్పుకుంటారు. పంచవటి మాదేనని నాసిక్ వాళ్లంటారు, ఆ పేచీ మనకెందుకు!

వీటన్నిటికీ ముందు శూర్పణఖ ముక్కుచెవులు తెగాయి. ఎందుకంటే అసూయ అని చిన్నప్పటి నుంచీ విన్నాం. అరణ్యకాండ తీస్తే అంత తేలిగ్గా తేలదు. పెళ్లయినవాణ్నంటూ రాముడు ఆమెను తమ్ముడి మీదికి తోస్తాడు. నేను అన్నకు దాసుణ్ని, ఆయన్నే చేసుకోమని లక్ష్మణుడు తిప్పి పంపుతాడు. ఆ వేళాకోళాన్ని ఆమె నిజమనుకుంది. సీత అడ్డు తొలగితే చాలని మీదికి దూకింది. ఇలాంటివాళ్లతో పరిహాసాలేమిటని అప్పుడు రాముడే తమ్ముణ్ని మందలించి, ఆమెను విరూపను చేయమంటాడు. దాడి నిజమే, ఆపాల్సిందే. కానీ పరిహాసం మొదలుపెట్టినవాడే తీర్పరి అయ్యాడు.

రచయిత్రి ఓల్గా ‘సమాగమం’ కథ ఈ తీర్పును చాలా ఏళ్ల తర్వాత మళ్లీ విచారణకు తెస్తుంది. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ‘విముక్త’ సంపుటిలోది ఇది. సీత వాల్మీకి ఆశ్రమంలో ఉంది. పిల్లలు అడవిలో ఓ పూలతోట చూసొచ్చి, దాన్ని పెంచే ఆవిడకు ముక్కూ చెవులూ లేవని చెబుతారు. ఎవరో సీతకు తెలిసిపోయింది. వెతుక్కుంటూ వెళ్లింది.

పోట్లాట ఉంటుందేమోనని చూస్తాం. ఉండదు. పోటీ పడటానికి మధ్యలో ఎవరైనా ఉండాలి కదా! ఒకామె ముఖం పోగొట్టుకుంది, ఇంకొకామె ఇల్లు. రాముడిప్పుడు ఇద్దరికీ గెలుచుకోవాల్సినవాడు కాడు. పైగా శూర్పణఖకు సుధీరుడనే తోడున్నాడు. మగవాళ్లు తమ పగలు తీర్చుకోవడానికి తామిద్దరూ పనికొచ్చారన్న ఎరుక సీతకు కలగడమే కథలోని అసలు తీర్పు. రాముడికి రావణుడితో కయ్యం కావాలి, దానికో కారణం కావాలి.

నాకో అసంతృప్తి ఉంది. అందమైన ప్రతిదాన్నీ ద్వేషించిన రోజుల్ని శూర్పణఖ తన నోటితోనే, గడిచిపోయిన సంగతిగా చెప్పేస్తుంది. ఆ కోపాన్ని ఎదురుగా చూపించి ఉంటే తోట మనకింకా నచ్చేది. ఇంత జ్ఞానం వచ్చేశాక మనిషి కొంచెం దూరమవుతుంది.

అదే సంపుటిలో ‘బంధితుడు’ రాముడి కథ. ఈ కథ తర్వాత దాన్ని చదివితే, రాజధర్మానికి కట్టుబడి అన్నీ పోగొట్టుకున్నవాడు కనిపిస్తాడు. జాలి పడ్డాను. పర్ణశాలలో శూర్పణఖకు ఆయన చెప్పిన తీర్పు విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.