ఏ యాకోబు? ఏ అన్న?



అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తెరవండి. 2వ వచనంలో హేరోదు యాకోబును ఖడ్గముతో చంపించాడు. 17వ వచనంలో చెరసాల నుండి బయటికి వచ్చిన పేతురు, ఈ సంగతి యాకోబుకు తెలియజేయమంటున్నాడు. చనిపోయినవానికి తెలియజేయడమేమిటి?

నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లోని విశ్వాసులకు ఇది అంత కష్టమైన చిక్కు కాదు. ఒక్క సంఘంలో ముగ్గురు యేసురత్నాలుంటే మనమేమంటాము? బావి దగ్గరి యేసురత్నం, టీచరమ్మ తమ్ముడు యేసురత్నం అంటాము. ఆనాటి యూదులకు మనలాగా ఇంటిపేర్లు లేవు. తండ్రిని బట్టి, ఊరిని బట్టి, తోబుట్టువును బట్టి మనిషిని గుర్తుపట్టేవారు. చంపబడినవాడు జెబెదయి కుమారుడు, యోహాను సహోదరుడు. చంపించిన హేరోదు కూడా బేత్లెహేము శిశువులను చంపించినవాడు కాదు, అతని మనుమడైన మొదటి అగ్రిప్ప. ఇతడు క్రీ.శ. 44లో చనిపోయాడు. పన్నెండుమందిలో అల్ఫయి కుమారుడైన యాకోబు ఇంకొకడున్నాడు. పేతురు కబురు పంపింది మాత్రం గలతీ 1:19లో పౌలు చెప్పిన యాకోబుకు, అంటే ప్రభువు సహోదరునికి. మొదట ప్రభువు సహోదరులు ఆయనయందు విశ్వాసముంచలేదని యోహాను 7:5 చెబుతోంది. తరువాత ఈ యాకోబే యెరూషలేము సంఘములో స్తంభముగా ఎంచబడ్డాడు.

సహోదరుడంటే సొంత తమ్ముడేనా? పెదనాన్న కొడుకును మనమూ "మా అన్న" అనే అంటాము కదా! రోమను కథోలిక సంఘము వీరిని దగ్గరి బంధువులంటుంది. తూర్పు సంఘాలవారు యోసేపు మొదటి భార్య పిల్లలంటారు. ప్రొటెస్టంటులు ఎక్కువమంది మరియకు తరువాత పుట్టినవారంటారు. అయితే ఒక మాట గమనించండి. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 4:10లో మార్కును బర్నబాకు సమీపజ్ఞాతి అని చెప్పడానికి పౌలుకు గ్రీకులో వేరే మాట దొరికింది. యాకోబు విషయంలో ఆయన ఆ మాట వాడలేదు. నాకైతే ఇది తేలికగా తీసివేయదగిన సంగతిగా తోచదు.

ఇక రెండవ ఇల్లు. యోహాను 18:13లో ప్రభువును మొదట తీసుకువెళ్లింది అన్న యొద్దకు. ఇది మనం పిలిచే అన్న కాదు, ఆయన పేరే అన్న. ప్రధానయాజకుడైన కయపకు పిల్లనిచ్చిన మామ. ఈయన కుమారులు ఐదుగురు ప్రధానయాజకులయ్యారని యూదా చరిత్రకారుడు జోసీఫస్ వ్రాశాడు. పదవి ఆ గడప దాటి ఎక్కువకాలం పోలేదు. 1990లో యెరూషలేములో ఒక సమాధి గుహ బయటపడింది. అందులో సున్నపురాతి ఎముకల పెట్టె, దానిమీద పువ్వుల చెక్కడం, కయప పేరు ఉన్నాయి. ఆళ్లగడ్డ శిల్పుల పనితనం ఎరిగినవారు అలాంటి చెక్కడం పేదవాని ఇంటిది కాదని చూడగానే చెబుతారు. అది ఆ కయపదేనని చాలామంది పండితులు ఒప్పుకుంటారు. 2002లో యాకోబుదంటూ వెలువడిన పెట్టె సంగతి వేరు. దానిమీది వ్రాత గురించి వాదం ఇంకా తెగలేదు, కాబట్టి దాన్ని సాక్ష్యంగా చూపవద్దు.

ఈ రెండు ఇళ్లు మరలా ఎదురుపడ్డాయి. క్రీ.శ. 62లో అధిపతియైన ఫేస్తు చనిపోయాడు, కొత్త అధిపతి ఇంకా రాలేదు. ఆ సందు చూసుకొని అన్న కుమారుడు, తండ్రి పేరే కలిగిన ప్రధానయాజకుడు, సభను కూర్చి యాకోబును, మరికొందరిని రాళ్లతో కొట్టించాడు. దీన్ని వ్రాసిన జోసీఫస్ క్రైస్తవుడు కాడు. ధర్మశాస్త్రమందు ఆసక్తిగల యూదులే ఇది అన్యాయమని ఫిర్యాదు చేశారంటాడు. మూడు నెలలకే అతని పదవి ఊడింది. తీసివేసిందెవరు? పౌలు మాటలు విన్న రెండవ అగ్రిప్ప. జెబెదయి కుమారుని చంపించిన ఆ హేరోదుకు స్వయానా కొడుకు!

యాకోబు తరువాత సంఘాన్ని నడిపించినవాడు క్లోపా కుమారుడైన సుమెయోను. క్లోపా యోసేపు తోడబుట్టినవాడని రెండవ శతాబ్దపు రచయిత హెగెసిప్పు చెప్పాడు. ఆయన వ్రాతల్లో కొన్నింటిని యుసేబియు తన సంఘ చరిత్రలో భద్రపరిచాడు. అందులోనే యూదా మనుమలు ఇద్దరి సంగతి ఉంది. యూదా అంటే ఇస్కరియోతు కాదు, మార్కు 6:3లోని ప్రభువు సహోదరుడు. దావీదు వంశస్థులని వారిని దొమితియను చక్రవర్తి ముందు నిలబెట్టారు. ఆస్తి ఎంత అని అడిగాడు. ఇద్దరికీ కలిపి 9,000 దేనారముల విలువ, అదీ రొక్కం కాదు, సొంతంగా సేద్యం చేసుకునే కొద్దిపాటి పొలం అన్నారు. అని, కాయలు కాచిన చేతులు చాపి చూపించారు. చక్రవర్తి వారిని తేలికగా చూసి, విడిచిపెట్టాడు.