పన్నెండు పిల్లల తల్లి

చంద్రునిలో కనిపించే మచ్చను మన పెద్దలు కుందేలు అన్నారు. శశం అంటే కుందేలు. అందుకే చంద్రునికి శశాంకుడు అనే పేరు వచ్చింది. మన భాషలో కుందేలును గురించి ఒక సామెత కూడా ఉన్నది. మొండిపట్టు పట్టినవానిని చూసి "తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటాడు" అంటాము. కుందేలు తన చేతిలోనే ఉన్నా దాని కాళ్ళు లెక్కపెట్టి చూడనివాడు వాడు.

కుందేళ్ళను పెంచేవారిలోనూ ఇటువంటివారు ఉంటారు. ఎదుట ఉన్నదానిని సరిగా చూడక, తాము అనుకున్నదే నిజమని నమ్మి, మేలు చేయబోయి కీడు చేస్తారు. ముఖ్యంగా, ఒక తల్లి కుందేలు ఎవరూ అనుకోనన్ని పిల్లలను పెట్టినప్పుడు ఈ పొరపాటు జరుగుతుంది. ఆ సమయంలో ఆ తల్లికి ఎట్లా తోడ్పడాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

అడవి కుందేలు, పెంపుడు కుందేలు

మొదట ఒక భేదం గుర్తుంచుకోవాలి. మన కొండలలో, పొదలలో తిరిగే అడవి కుందేలు వేరు. ఇళ్ళలో పెంచే కుందేలు వేరు. అడవి కుందేలు బొరియ తవ్వదు. గడ్డి మాటున పిల్లలను పెడుతుంది. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్ళతో పుడతాయి. తల్లి వాటిని గడ్డిలో దాచి దూరంగా పోయి, పాలివ్వడానికి మాత్రమే వస్తుంది. అది చూసి కొందరు పిల్లలు "పాపం, తల్లి లేదు" అనుకొని వాటిని ఇంటికి తెస్తారు. అది జాలి కాదు, తల్లి నుండి బిడ్డలను ఎత్తుకొని రావడమే. పైగా అడవి కుందేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షణ పొందిన జంతువు. దానిని పట్టడం, పెంచడం నేరం.

పెంపుడు కుందేళ్ళ పూర్వులు ఐరోపాలోని స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాలకు చెందినవి. అవి నేలలో బొరియలు తవ్వి, ఆ చీకటిలో పిల్లలను పెట్టేవి. అందువలన వీటి పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకొని పుడతాయి. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, వైట్ జెయింట్ మొదలైన జాతులను మన దేశంలో పెంచుతున్నారు. ఈ పాఠం పెంపుడు కుందేలును గురించినదే.

తల్లి స్వభావం

పెంపుడు కుందేలు 30 నుండి 32 రోజులు చూలుతో ఉంటుంది. పిల్లలు పెట్టే ముందు నోటితో ఎండుగడ్డిని మోసుకొనిపోయి గూడు కడుతుంది. తన రొమ్ము మీది, పొట్ట మీది బొచ్చును తానే పీకి ఆ గూటిలో పరుస్తుంది. దీని వలన రెండు లాభాలు. పిల్లలకు మెత్తని పరుపు దొరుకుతుంది. చన్నులు బయటపడి పాలు తాగడానికి వీలవుతుంది. సాధారణంగా ఒక ఈతలో ఆరు నుండి ఎనిమిది పిల్లలు పుడతాయి. ఒక్కొక్కసారి పన్నెండు కూడా పుట్టవచ్చు.

పిల్లలు పుట్టిన తరువాత తల్లి గూటిని వదిలి దూరంగా కూర్చుంటుంది. ఇది చూసి కంగారుపడకూడదు. కుందేలు రోజుకు ఒకే ఒక్కసారి, అదీ మూడు నాలుగు నిమిషాలు మాత్రమే పాలిస్తుంది. చాలా వరకు రాత్రివేళ గాని, తెల్లవారుజామున గాని ఆ పని ముగించుకుంటుంది. తాను మాటిమాటికి గూటి దగ్గరకు పోతే నక్కకో పిల్లికో గూడు ఎక్కడున్నదో తెలిసిపోతుంది. దూరంగా ఉండడమే ఆ తల్లి చేసే కాపలా.

ఆ కొద్ది నిమిషాలలోనే పిల్లలు కడుపునిండా తాగుతాయి. కుందేలు పాలు చాలా చిక్కనివి. ఆవు పాలతో పోల్చితే వీటిలో కొవ్వు, మాంసకృత్తులు దాదాపు మూడు రెట్లు ఎక్కువ. కళ్ళు తెరవని పిల్లలు చన్నును ఎట్లా కనుగొంటాయి? వాసనను బట్టి. తల్లి పాలలో ఉండే ఒక పదార్థపు వాసన తగలగానే పిల్ల తల తిప్పి చన్నును నోట పట్టుకుంటుంది. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు ఆ పదార్థాన్ని గుర్తించి 2003లో ప్రకటించారు.

చిక్కు ఎక్కడ వస్తుంది?

తల్లి కుందేలుకు సాధారణంగా ఎనిమిది చన్నులు ఉంటాయి. కొన్నింటికి తొమ్మిది, పది కూడా ఉంటాయి. ఎనిమిది చన్నులకు పన్నెండు పిల్లలు చేరితే ఏమవుతుంది? పందిపిల్ల వలె కుందేలు పిల్ల ఒకే చన్నును సొంతం చేసుకోదు. ఒకదానిని వదిలి మరొకదానిని పట్టుకుంటూ తాగుతుంది. కాబట్టి చన్నులు చాలకపోయినా బలమైన పిల్లలకు పాలు అందుతాయి. బలహీనమైనవి తోపులాటలో వెనుకబడతాయి. ఈ రోజు తక్కువ తాగిన పిల్ల రేపటికి మరింత నీరసిస్తుంది. మరునాడు తోపులాటలో దానికి అసలే చోటు దొరకదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక తల్లి ఒక రోజున 240 గ్రాముల పాలిచ్చిందనుకోండి. ఎనిమిది పిల్లలు ఉంటే ఒక్కొక్కదానికి 30 గ్రాములు వస్తాయి. పన్నెండు ఉంటే 20 గ్రాములే వస్తాయి. అదీ అందరికీ సమానంగా అందినప్పటి మాట.

ముందు వెచ్చదనం, తరువాత పాలు

కొరాపుట్ జిల్లాలోని పొట్టంగి కొండల మీద ఉన్న ఊరు. సాలూరు నుండి కొరాపుట్ పోయే దారిలో ఘాట్ ఎక్కిన తరువాత వస్తుంది. 1672 మీటర్ల ఎత్తుతో ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరమైన దేవమాలి ఆ ప్రాంతంలోనే ఉన్నది. పుష్య మాసపు రాత్రులలో అక్కడ చలి ఎట్లా ఉంటుందో ఆ ప్రాంతపు పిల్లలకు చెప్పనక్కరలేదు. మనకే రెండు దుప్పట్లు కావాలి. ఒంటి మీద వెంట్రుక కూడా లేని, 50 గ్రాముల బరువైనా ఉండని పసికూన సంగతి ఏమిటి?

కుందేలు పిల్లలు మొదటి వారం తమ వేడిని తాము నిలుపుకోలేవు. ఒకదానినొకటి ఒరుసుకొని కుప్పగా పడుకొని వెచ్చగా ఉంటాయి. తల్లి పాలిచ్చి లేచేటప్పుడు చన్ను వదలని పిల్ల ఒక్కొక్కసారి గూటి బయట పడిపోతుంది. తల్లి కుందేలు పిల్లి వలె పిల్లను నోట కరచుకొని తిరిగి గూటిలో చేర్చదు. ఆ పని మనమే చేయాలి.

బయట పడి చల్లబడిన పిల్ల కనిపిస్తే వెంటనే పాలు పట్టకూడదు. మొదట శుభ్రమైన పొడి చేతులలో ఉంచుకొని మెల్లగా వెచ్చబరచాలి. కదలిక వచ్చిన తరువాత మిగిలిన పిల్లల మధ్య ఉంచాలి. గూటి పెట్టె అడుగున పొడి వరిగడ్డి మందంగా పరచాలి. తల్లి పీకిన బొచ్చు చాలకపోతే కొంత ఎండుగడ్డిని నలిపి చేర్చాలి. తడిసిన గడ్డిని ఎప్పటికప్పుడు తీసివేయాలి. చనిపోయిన పిల్ల ఉంటే వెంటనే తొలగించాలి.

పిల్లలను పంచడం

మనిషి చేయగల గొప్ప సహాయం పిల్లలను మరొక తల్లికి పంచి ఇవ్వడం. అనుభవం గలవారు రెండు మూడు ఆడ కుందేళ్ళు ఒకే రోజున గాని, ఒకటి రెండు రోజుల తేడాతో గాని ఈనేటట్లు ముందే చూసుకుంటారు. ఒక తల్లికి పన్నెండు, మరొక తల్లికి నాలుగు పుట్టినవనుకోండి. మొదటి తల్లి పిల్లలలో నాలుగింటిని రెండవ తల్లి గూటిలో చేర్చితే ఇద్దరికీ ఎనిమిదేసి పిల్లలు అవుతాయి.

పుట్టిన మూడు రోజుల లోపల ఈ పని చేయడం మంచిది. చేర్చే పిల్లలు అక్కడి పిల్లలతో పరిమాణంలో ఇంచుమించు సమానంగా ఉండాలి. చేర్చే ముందు రెండవ తల్లిని కొంతసేపు గూటికి దూరంగా ఉంచాలి. దాని గూటిలోని గడ్డిని, బొచ్చును కొత్త పిల్లల ఒంటికి రాయాలి. వాటిని ఆ పిల్లల మధ్య దాచాలి. వాసన కలిసిపోయిన తరువాత తల్లిని వదలాలి. తల్లి కుందేలు తన పిల్ల, పరాయి పిల్ల అని వేరుచేయదు; పిల్లలను లెక్కించదు కూడా.

మరొక తల్లి లేకపోతే ఏమి చేయాలి? పిల్లలను చిన్నవి, పెద్దవి అని రెండు పెట్టెలలో వేరుచేయాలి. చిన్నవాటిని ఉదయం, తల్లి పొదుగు నిండుగా ఉన్నప్పుడు పాలకు వదలాలి. పెద్దవాటిని సాయంత్రం వదలాలి. ఇట్లా చేస్తే బలహీనమైనవాటికి తోపులాట లేకుండా పాలు అందుతాయి.

పాలు అందినవో లేవో తెలుసుకోవడం కష్టం కాదు. పాలు తాగిన పిల్ల పొట్ట గుండ్రంగా ఉంటుంది. పలుచని చర్మం గుండా లోపలి పాలు తెల్లగా కనిపిస్తాయి. ఆకలితో ఉన్న పిల్ల చర్మం ముడతలు పడుతుంది. చేయి తగలగానే తల ఎత్తి వెతుకుతుంది. రోజుకు ఒకసారి ఇట్లా చూస్తే చాలు. బాగా తాగే పిల్ల ఆరేడు రోజులకు పుట్టినప్పటి బరువుకు రెట్టింపు అవుతుంది.

తల్లిని పోషించాలి

పిల్లలను పోషించాలంటే తల్లిని పోషించాలి. చంటిపిల్లల తల్లికి ఇంటిలో ఏమేమి పెడతారో మీరు చూసే ఉంటారు. కుందేలుకూ అంతే. దానికి ఎప్పుడూ శుభ్రమైన నీరు అందుబాటులో ఉండాలి. నీరు తగ్గితే పాలు తగ్గుతాయి. పచ్చగడ్డి, అలసంద తీగలు, చిలగడదుంప తీగలు, కొద్దిగా నానబెట్టిన శనగలు పెట్టవచ్చు. బూజు పట్టిన మేత, మంచుతో తడిసిన మేత పెట్టకూడదు. మేతను ఒక్కసారిగా మార్చకూడదు. పొదుగు ఎర్రబడి వేడిగా, గట్టిగా ఉంటే పశువైద్యునికి చూపించాలి.

మరొక ముఖ్య విషయం. ఆడ కుందేలు ఈనిన రోజునే మళ్ళీ చూలు కట్టగలదు. కాబట్టి పోతు కుందేలును వేరే గదిలో ఉంచాలి. పన్నెండు పిల్లలను మోసి కన్న తల్లికి విశ్రాంతి ఇవ్వడం మన ధర్మం.

కుక్కలు, పిల్లులు, ఎలుకలు గూటి దగ్గరకు రాకుండా చూడాలి. చీమలను తేలికగా తీసుకోకూడదు. కళ్ళు తెరవని పిల్లలకు అవి ప్రాణాంతకాలు. పెట్టె కాళ్ళను నీళ్ళు పోసిన చిప్పలలో ఉంచితే చీమలు ఎక్కవు.

జాలి ఒక్కటే చాలదు

పిల్లలు ముద్దుగా ఉన్నవని గంటకొకసారి చేతిలోకి తీసుకుంటే అవి చల్లబడతాయి; తల్లి బెదురుతుంది. బెదిరిన తల్లి గూటిలోకి గెంతి పిల్లలను తొక్కవచ్చు. ఆకలి తీరుస్తామని ఆవు పాలు నోటిలో పోస్తే అవి ఊపిరితిత్తులలోకి పోయి పిల్ల చనిపోవచ్చు. తల్లి చనిపోయి, పెంపుడు తల్లి దొరకనప్పుడు మాత్రమే పశువైద్యుని సలహాతో చుక్కచుక్కగా పాలు పట్టాలి.

పది పన్నెండు రోజులకు పిల్లల కళ్ళు తెరుచుకుంటాయి. మూడవ వారంలో గూటి బయటకు వచ్చి తల్లి మేతను కొరకడం మొదలుపెడతాయి. అయిదారు వారాలకు పాలు మాన్పించవచ్చు. ఎంత శ్రద్ధ తీసుకున్నా పన్నెండు పిల్లలూ దక్కకపోవచ్చు. అది పెంచేవాని తప్పు కాదు. కాని చూడకపోవడం వలన, చలి వలన, తొందరపాటు వలన ఒక్క పిల్ల పోయినా అది మన తప్పే.

తల్లి చేసే పనిని మనం చేయబోకూడదు. తల్లి తన పనిని తాను చేసుకోగలిగేటట్లు దాని భారాన్ని తగ్గించాలి. ఎదుటి ప్రాణి అవసరమేమిటో కళ్ళారా చూసి, తెలుసుకొని చేసేదే సహాయం. కుందేలుకు నాలుగు కాళ్ళు ఉన్నవని లెక్కపెట్టి తెలుసుకున్నవాడే దానిని పెంచడానికి తగినవాడు.

అభ్యాసం

1. తల్లి కుందేలు గూటికి దూరంగా ఎందుకు కూర్చుంటుంది?
2. అడవి కుందేలు పిల్లలకు, పెంపుడు కుందేలు పిల్లలకు గల భేదాలు రాయండి.
3. చల్లబడిన పిల్లను ఎట్లా కాపాడాలి?
4. "జాలి ఒక్కటే చాలదు" – ఈ మాటను మీ అనుభవంలోని ఒక సంఘటనతో వివరించండి.
5. మీ ఊరిలో ఆవు, మేక, కోడి పిల్లలను చలికాలంలో ఎట్లా కాపాడతారో పెద్దలను అడిగి తెలుసుకొని రాయండి.