రాజనీతి పుస్తకంలో ఊరు విడిచిన మనిషి

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల పేరెత్తితే చాలు, పండితులూ అవధానాలూ గుర్తుకొస్తాయి. గద్వాలకు 'విద్వద్గద్వాల' అని బిరుదు కూడా ఉంది. నేటి నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ నుంచి ఏలిన జటప్రోలు ప్రభువుల్లో సురభి మాధవరాయలు తానే ప్రబంధం రాశాడు. వనపర్తి కొలువులో పనిచేసిన మానవల్లి రామకృష్ణకవి మరుగున పడ్డ తాటాకు గ్రంథాలు వెతికి అచ్చువేశాడు. 1923లో ఆయన వెలుగులోకి తెచ్చిన 'సకలనీతిసమ్మతము' 15వ శతాబ్దపు మడికి సింగన కూర్చిన రాజనీతి సంకలనం. 'ముద్రామాత్యం' లాంటి పాత పుస్తకాలు పోయినా వాటి పద్యాలు ఇందులో మిగిలాయి. అందుకే ఇది అపురూపం.

రాజనీతి ఏలేవాడి కోసం రాసింది. ఏలబడినవాళ్లు దాన్ని చదవొద్దని ఎక్కడుంది?

సింగన తర్వాత సుమారు వందేళ్లకు కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' 4వ ఆశ్వాసంలో రాజనీతి చెప్పాడు. 1520లో ఆయన యుద్ధం చేసింది రాయచూరు అంతర్వేది కోసం. కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన గద్వాల నడిగడ్డ కూడా అందులోదే. కోటలు బ్రాహ్మణుల చేతిలో పెట్టమంటాడు రాయలు. చెరువులు, కాల్వలు పెంచి పేదరైతుకు పన్ను తగ్గించమనీ అంటాడు. అంతకన్నా మమ్మల్ని ఆపింది ఇంకో మాట. చితికిపోయి ఊరు విడిచిన జనాన్ని వెనక్కి పిలవకుండా, వాళ్ల గొడ్లూ గింజలూ అమ్ముకోవచ్చు, ఇండ్లు వంటచెరుకుకు పనికొస్తయని చూసే అధికారి యుద్ధభూమిలో నక్కలాంటోడట. అట్లాంటోణ్ణి పెట్టుకున్న రాజు ఏడు దీవులు గెలిచినా బాగుపడడట.

పాలమూరులో కూచుని ఈ మాట చదివితే ఎట్లుంటుందో వేరే చెప్పాలా? దేశమంతా డ్యాములూ కాల్వలూ కట్టను పోయిన 'పాలమూరు లేబర్' మనవాళ్లే. రాయలు ఆ వలసను చూశాడు, ఒప్పుకోవాలి. కానీ ఆయన చూసింది ఖజానా వైపు నుంచి. ఊరు విడిచినవాళ్లంతా ఆయనకు 'ప్రజ' అన్న ఒక్క మాటలో సరిపోయారు. మోటకు తోలుబొక్కెన కుట్టిన మాదిగ, ఊరి వెట్టి మోసిన మాల అందులో విడిగా కనిపించరు. అదే కావ్యం 6వ ఆశ్వాసంలో మాలదాసరి ఉన్నాడు. గొప్ప భక్తుడే, కానీ గుడి బయట నిలబడి పాడతాడు. అంటే మాల మనిషి కథానాయకుడయ్యేది భక్తి చెప్పేచోట, రాజ్యం చెప్పేచోట కాదు.

జాగీర్లు 1949లో రద్దయ్యాయి. మోటబావులు పూడిపోయాయి. విద్యార్థి మిత్రులు ఈ 4వ ఆశ్వాసం చదివేటప్పుడు ఊళ్లో పెద్దమనిషిని ఒకర్ని పక్కన కూచోబెట్టుకోండి. ఆ బావికి బొక్కెన ఎవరు కుట్టారు, కూలి గింజలెన్ని కొలిచారు, తడిసిన చేను ఎవరిది అని అడిగి పద్యం పక్కనే రాసిపెట్టండి.