తెర లేని కంప్యూటరుతో సంభాషణము

కంప్యూటరు అనగానే ఎదుట వెలుగుచుండు తెరయు, అక్షరముల మీటలును, బల్లక్రింద నొక పెట్టెయు మనస్సునకు తోచును. కాని నిజముగా గణించునది ఆ తెర కాదు; ఆ మీటలును కావు. వానిని తొలగించినను కంప్యూటరు కంప్యూటరే. ఈ సంగతిని ప్రత్యక్షముగా చూపునది రాస్ప్‌బెర్రీ పై అను చిన్న యంత్రము. అది ఒక పచ్చని పలక మాత్రమే. దాని పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56 మిల్లీమీటర్లు. చొక్కా జేబులో పట్టును. లెక్కించు భాగము, పని జరుగునంతసేపు విషయములను నిలుపుకొను భాగము, ఇతర యంత్రములతో కలుపుకొను ద్వారములు అన్నియు ఆ పలకమీదనే అతుకబడి యుండును. అందుచేత ఇట్టివానికి ఏకఫలక కంప్యూటర్లని పేరు వచ్చినది. పిట్ట కొంచెము, కూత ఘనము అను సామెత దీనియెడ చక్కగా చెల్లును.

ఇది ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున పుట్టినది. అచ్చటనే 1981లో ఏకార్న్ అను సంస్థ బి.బి.సి. మైక్రో అను కంప్యూటరును నిర్మించెను. ఆ దేశపు పాఠశాలలలో ఎందరో బాలబాలికలు దానిపై ప్రోగ్రాములు వ్రాయుట నేర్చిరి. తరువాతి తరమున ఇంటింట కంప్యూటర్లు పెరిగినవి. వాని లోపలి మర్మము నెరిగినవారు మాత్రము తరిగిరి. 2006 ప్రాంతమున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో నున్న ఎబెన్ అప్టన్ అను శాస్త్రజ్ఞుడు కంప్యూటరు శాస్త్రము చదువగోరి వచ్చువారి సంఖ్య తగ్గుచుండుటయు, వచ్చినవారికి వెనుకటివారికున్న అనుభవము లేకుండుటయు గమనించెను. ఖరీదైన కంప్యూటరును పిల్లలు విప్పి, కదిలించి, చెడగొట్టి నేర్చుకొందుమనిన ఏ తల్లిదండ్రులు ఒప్పుకొందురు? చెడిపోయినను ఇంటిల్లిపాదికి దిగులు పుట్టనంత చౌకైన యంత్రము కావలెనని ఆయనయు, ఆయన సహచరులును తలచిరి. 2012వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన అది అమ్మకమునకు వచ్చెను. వెల 35 డాలర్లు. మొదట చేయించినవి పదివేలు. కోరినవారు అంతకు ఎన్నో రెట్లు. ఆ ఉదయము అమ్మకపు సంస్థల వెబ్‌సైట్లు తాకిడికి తాళలేక నిలిచిపోయినవి. పైథాన్ అను ప్రోగ్రాము భాషనుబట్టి దీనికి ‘పై’ అను పేరు కలిగినది. తెలుగువారికి ‘పై’ అనిన ‘మీద’ అను అర్థము తోచుట సహజమే గాని, ఆ మాటకును దీనికిని ఏ సంబంధమును లేదు.

ఈ పలకకు తనదైన శాశ్వత స్మృతి దాదాపు లేదనియే చెప్పవలెను. విద్యుత్తు ఆగినంతనే అంతయు మరచును. కావున గోటియంత వెడల్పుగల మైక్రో ఎస్.డి. కార్డు నొకదానిని దీనిలో అమర్చుదురు. యంత్రమును నడపు వ్యవస్థ ఆ కార్డుపై నుండును. ఆ వ్యవస్థకు మూలము లినక్స్. దానిని 1991లో ఫిన్లండు దేశమున లీనస్ టోర్వాల్డ్స్ అను 21 ఏండ్ల విద్యార్థి ఆరంభించెను. దానిని ఎవరైనను ఉచితముగా గ్రహింపవచ్చును, లోపల ఎట్లు వ్రాయబడినదో చదువవచ్చును, మార్చుకొనవచ్చును. నేర్చుకొనువాని కొరకు చేసిన యంత్రమునకు ఇంతకంటె తగిన జోడు దొరకదు.

కార్డును సిద్ధపరచుటలో కొత్తవారు ఒక పొరపాటు చేయుదురు. వ్యవస్థ గల ఫైలును తెచ్చి, పాటనో ఫొటోనో వేసినట్లు కార్డులో వేసి, పని పూర్తియైన దనుకొందురు. విత్తనముల సంచిని పొలములో పెట్టుట వేరు, విత్తుట వేరు. ఫైలులోని సమాచారమును కార్డు మొదటి గడినుండి వరుసగా పరచవలెను. ఈ పనికై ఇమేజరు అను సాఫ్ట్‌వేరు కలదు. దానిని ఇంటిలోని మరియొక కంప్యూటరుపై నడుపుదురు. అది కార్డుపై నున్న పాత సమాచారము నంతయు తుడిచివేయును. ఏ కార్డుపై వ్రాయుచున్నామో చూడక మీట నొక్కినచో, పెండ్లి ఫొటోలున్న కార్డు క్షణములో ఖాళీ యగును.

ఇమేజరు వ్రాయుటకు ముందు కొన్ని ప్రశ్నలు వేయును. యంత్రమునకు పేరేమి? దానిని వాడువారి పేరేమి, సంకేతపదమేమి? ఇంటిలోని వైఫై పేరును, దాని సంకేతపదమును ఏవి? దూరమునుండి వచ్చువారిని లోనికి రానీయవచ్చునా? వీనికి అప్పుడే ఉత్తరము లీయవలెను. కార్డు పలకలోనికి పోయిన పిదప అడుగుటకు దానికి తెర లేదు. చెప్పుటకు మనకు మీటలు లేవు.

తరువాతి పని విద్యుత్తు నందించుట. 2019లో వచ్చిన నాలుగవ తరపు పలకకు 5 వోల్టుల వద్ద 3 ఆంపియర్ల విద్యుత్తు కావలెను. దానిపై స్విచ్చి లేదు. తీగ తగిలించిన వెంటనే పని మొదలగును. పాత ఫోను చార్జరు తగిలించినచో దీపము వెలుగును గాని, పని పెరిగినప్పుడు విద్యుత్తు చాలక యంత్రము మధ్యలో ఆగును. పలక చెడినదని వాపోవువారిలో పలువురి లోపము ఆ చార్జరులోనే యుండును. పలకపై ఎఱ్ఱదీపము విద్యుత్తు వచ్చుచున్నదని చెప్పును. పచ్చదీపము కార్డును చదువుచున్నప్పుడు మిణుకుమనును. ఒకటి రెండు నిమిషములు వేచియుండవలెను.

ఇప్పుడు పలక ఇంటి వైఫైలో చేరినది. కాని దాని నెట్లు పిలువవలెను? ఇంటిలోని రౌటరు ప్రతి యంత్రమునకు 192.168.1.7 వంటి ఒక అంకెల చిరునామా నిచ్చును. అది నేడొకటి, రేపొకటి కావచ్చును. కావున పేరుతోనే పిలుచుట మేలు. యంత్రము పేరునకు చివర చుక్క పెట్టి ‘లోకల్’ అను మాటను ఇంగ్లీషు అక్షరములలో చేర్చినచో, పిలుచు కంప్యూటరు ఆ ఇంటి వలలో నున్న యంత్రములన్నిటికి వినబడునట్లు ఆ పేరు కేకవేయును. తపాలా బంట్రోతు వీధిలో నిలిచి పేరు పిలువగా ఆ పేరు గలవాడే బదులు పలికినట్లు, ఆ పలక తన చిరునామాను చెప్పును.

చిరునామా తెలిసిన పిదప పెద్ద కంప్యూటరులో టెర్మినల్ అను కిటికీ తెరచి, ఎస్.ఎస్.హెచ్. అను మూడక్షరములను ఇంగ్లీషున కొట్టి, కొంత ఎడమిచ్చి, వాడువాని పేరు, ‘ఎట్’ గుర్తు, యంత్రము పేరు వరుసగా వ్రాయవలెను. మొదటిసారి ఒక ప్రశ్న కాన్పించును: ఈ యంత్రమును ఇదివరకు చూడలేదు, దీని వ్రేలిముద్ర ఇది, నమ్మవచ్చునా అని. ఇంటిలోని కొత్త పలకయే యని తెలిసినప్పుడు అవునని చెప్పవచ్చును. ఆ ముద్రను పెద్ద కంప్యూటరు దాచుకొనును. మరియొకనాడు అదే పేరుతో వేరు ముద్ర కనబడినచో గట్టిగా హెచ్చరించును. కార్డును తిరిగి వ్రాసినప్పుడు ఇట్లు జరుగుట సహజము. అట్టి కారణమేమియు లేనిచో, వేరొక యంత్రము ఆ పేరు పెట్టుకొని నిలిచినదేమో యని అనుమానింపవలెను.

పిమ్మట సంకేతపదము నడుగును. కొట్టుచున్న అక్షరములు తెరపై కానరావు, చుక్కలైనను పడవు. మీటలు పనిచేయుట లేదని బెదరక, పదము ముగించి ఎంటరు నొక్కినచో ద్వారము తెరచుకొనును. అప్పటినుండి తెర పెద్ద కంప్యూటరుదే యైనను, అందు పలుకునది చిన్న పలక.

ఈ ఎస్.ఎస్.హెచ్. పుట్టుకకు ఒక దొంగతనమే కారణము. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు వలలో ఎవరో రహస్యముగా సంకేతపదములను ఏరుకొనిరి. ఆనాడు దూరపు యంత్రముతో మాటలాడుటకు వాడుచుండిన టెల్‌నెట్ పద్ధతిలో అక్షరములు కార్డుముక్కపై వ్రాసిన ఉత్తరమువలె పోవుచుండెను. త్రోవలో నెవరైనను చదువవచ్చును. అది చూచి ఆ విశ్వవిద్యాలయమునందలి తాతు యులోనెన్ మాటలను గూఢలిపిగా మార్చి పంపు ఈ పద్ధతిని కల్పించెను. నేడు ప్రపంచమందలి పెద్ద యంత్రములను సరిచూచువారు దూరమునుండి పోవు త్రోవ ఇదియే.

అయినను త్రోవ ఎంత భద్రమైనను, తాళముచెవి అందరికి తెలిసినదైనప్పుడు ప్రయోజనమేమి? మొదటి పదేండ్లలో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై వ్యవస్థలన్నిటిలో వాడువాని పేరు ‘పై’, సంకేతపదము ‘రాస్ప్‌బెర్రీ’. మార్చుకొనుడని చెప్పుచునే యుండిరి, మార్చుకొననివారు అనేకులు. ఊరిలోని ఇండ్లన్నిటికి ఒకే తాళముచెవి యున్నట్లయినది. ఇట్టి అలసత్వము ఎంతకు తెచ్చునో 2016లో లోకము చూచినది. మిరాయి అను దుష్ట ప్రోగ్రాము దుకాణమునుండి వచ్చినప్పటి సంకేతపదములు సుమారు అరువది పట్టీగా పెట్టుకొని, ఇండ్లలోని కెమెరాలను, రౌటర్లను ఒక్కొక్కదాని తట్టి చూచి, తెరచుకొన్నవానిని తన సేనలో చేర్చుకొనెను. అక్టోబరు 21వ తేదీన ఆ సేన ఇంటర్నెట్టు చిరునామాలు చెప్పు ఒక సంస్థపై ఒక్కుమ్మడి పడగా, అమెరికాలో ఎన్నో పేరుగల వెబ్‌సైట్లు గంటలకొలది అందకపోయినవి. తమ యింటి కెమెరా ఆ పనిలో పాల్గొన్నదని దాని యజమానులలో ఎందరికి తెలియును? మరుసటి నెలలోనే రాస్ప్‌బెర్రీ పై నిర్వాహకులు దూరపు ద్వారమును, కోరిననే తప్ప తెరచుకొనకుండ మూసివేసిరి. 2022 ఏప్రిలులో ఆ పాత పేరును, సంకేతపదమును పూర్తిగా తొలగించిరి. ఇమేజరు అన్ని ప్రశ్నలు వేయుటకు కారణమిదియే.

వైఫై సంకేతపదములో ఒక్క అక్షరము తప్పినను పలక మూగవోవును. అప్పుడు తెర తగిలించి చూడవచ్చును, లేదా కార్డును తిరిగి వ్రాయవచ్చును. మూడవ ఉపాయము పాతదియు, రమ్యమైనదియు: మూడు తీగలు. పలక అంచున 40 సూదులు కలవు. వానిలో ఒకటి పలుకునది, ఒకటి వినునది, మరియొకటి నేల. ఒక యంత్రపు నోరు రెండవదాని చెవికి తగులవలెను గాని నోటికి నోరు కాదు, నేలకు నేల. కార్డులోని అమరికల ఫైలులో ఒక పంక్తి చేర్చి ఈ మార్గమును తెరచినచో, పలక మేల్కొనుచు చెప్పుకొను మాటలన్నియు వరుసగా కనబడును. ఇచట అజాగ్రత్త పనికిరాదు. ఆ సూదులు 3.3 వోల్టులకు మాత్రమే తగినవి. 5 వోల్టులు తగిలినచో పలక పాడగును.

పని ముగిసినప్పుడు తీగను లాగివేయుట తగదు. ఆ క్షణమున కార్డుపై ఏదో వ్రాయబడుచుండవచ్చును. సగము వ్రాసిన పంక్తి మరునాడు చదువరాక వ్యవస్థయే లేవకపోవచ్చును. నిద్రింపుమని టెర్మినల్ నుండి ఆజ్ఞ యిచ్చినచో సంభాషణము తెగిపోవును. పచ్చదీపము కొంతసేపు మిణుకుమని ఆగును. ఎఱ్ఱదీప మొక్కటే మిగిలిన పిమ్మట తీగను తీయవచ్చును.